మొక్కలతో చీమల నివారణ

మొక్కలతో చీమల నివారణ అనగా పెరటి తోటలలో, కుండీలలో, నారుమళ్ళలో చీమల బెడదను కృత్రిమ రసాయనాలు వాడకుండా, ఘాటైన వాసన లేదా చేదు గుణం గల మొక్కల సాయంతో తగ్గించే పద్ధతి. ఇందుకు పుదీనా, నిమ్మగడ్డి, తులసి, లవంగం, దాల్చిన చెక్క, పసుపు, వేప, వస మొదలైనవి వాడుకలో ఉన్నాయి. వీటిలో కొన్నింటి గుణం ప్రయోగశాలలలో కూడా రుజువైనది. అయితే తోటలో ఒక మొక్కను నాటినంత మాత్రాన చీమలు రావు అనే నమ్మకం చాలావరకు సరైనది కాదు. పని చేసేది సాధారణంగా ఆ మొక్కలోని నూనె లేదా కషాయం. అదికూడా చీమలు నడిచే దారి మీద, తాజాగా ఉన్నంతవరకు మాత్రమే. చీమలు ఆ మొక్క మీదికి ఎందుకు ఎక్కుతున్నాయో తెలుసుకోకుండా చేసే నివారణ ఎక్కువ రోజులు నిలవదు.

నేపథ్యం

తెలుగునాట చీమల మందు అనగానే పాతతరం వారికి గుర్తుకు వచ్చేది గమాక్సిన్ పొడి. గోడల వెంబడి, తులసికోట చుట్టూ, కూరపాదుల మొదళ్ళలో కూడా దీనిని చల్లేవారు. ఇది బి.హెచ్.సి. అనే క్లోరిన్ సంబంధిత పురుగుమందు. మట్టిలో ఏళ్ళ తరబడి చెడకుండా నిలిచి, పాలలోకి, మనుషుల శరీరంలోని కొవ్వులోకి చేరుతుంది. భారత ప్రభుత్వం 1997లో బి.హెచ్.సి.ని నిషేధించింది. దానిలోని ముఖ్య పదార్థమైన లిండేన్ తయారీని 2011లో, వాడకాన్ని 2013లో నిలిపివేసింది. ఆ తరువాత వచ్చిన పొడులలోను, చాక్‌పీసు రూపంలో అమ్మే మందులలోను సాధారణంగా ఉండేవి పైరిథ్రాయిడ్ తరగతి పురుగుమందులు. ఇవి అంతకాలం నిలవవు గాని తేనెటీగలకు, చేపలకు విషం. నేడు కోసి నేడే వండుకునే తోటకూర, కొత్తిమీర, గోంగూర మళ్ళలో వీటిని చల్లడం ప్రమాదకరం. మొక్కలతో నివారణ పట్ల ఆసక్తి పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

చీమలు, వాటి దారులు

చీమలు ఫార్మిసిడే కుటుంబానికి చెందిన సంఘజీవులైన కీటకాలు. ప్రపంచంలో ఇప్పటికి 14,000కు పైగా జాతులను వర్ణించారు. భారతదేశంలో 800కు పైగా ఉన్నాయి. తెలుగువారి పెరళ్ళలో సాధారణంగా కనిపించేవి పెద్దవిగా నల్లగా ఉండే గండుచీమలు, చిన్నవైన చలిచీమలు, కుట్టే ఎర్రచీమలు, మామిడి వంటి చెట్ల ఆకులను పట్టుదారంతో అతికి గూళ్ళు కట్టే చెట్టు ఎర్రచీమలు. ఈ చివరివాటి గూళ్ళకు కావలసిన దారాన్ని ఇచ్చేవి వాటి పిల్లపురుగులు. పెద్ద చీమలు వాటిని నోట కరచుకొని కుట్టుసూదివలె ఆకు నుండి ఆకుకు తిప్పుతాయి. పెరటిలో లేచే పెద్ద మట్టిపుట్టలు మాత్రం చీమలవి కావు, చెదలవి. చీమలు పెట్టిన పుట్టలలో పాములు చేరతాయన్న మాట సుమతీ శతకంలో ఉండడం వలన ఈ పొరపాటు తెలుగువారిలో బాగా స్థిరపడింది. చెదలు చీమలకు దగ్గరి బంధువులు కావు, బొద్దింకలకు బంధువులు. కనుక చీమల కొరకు చేసే ఉపాయాలు చెదలకు పనికిరావు.

చీమకు లోకమంతా వాసనే. ఆహారం దొరికిన చీమ పుట్టకు తిరిగివస్తూ నేలపై ఒక వాసనగీతను వేస్తుంది. మిగిలిన చీమలు తమ స్పర్శశృంగాలతో ఆ గీతను పసిగట్టి బారు కడతాయి. 1959లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ విల్సన్ నిప్పుచీమల కొండి దగ్గర ఉన్న డుఫోర్ గ్రంథి సారంతో గాజుపలకపై గీత గీసి, చీమలు ఆ గీత వెంట నడవడం చూపించాడు. ఇటువంటి పదార్థాలకు ఫెరోమోన్లు అనే పేరు కూడా అదే సంవత్సరంలో పీటర్ కార్ల్‌సన్, మార్టిన్ లూషర్ అనే శాస్త్రజ్ఞులు పెట్టారు. ఒక్క చీమ వేసిన గీత కొద్ది నిమిషాలలోనే ఆవిరైపోతుంది. ఆహారం దొరికినంతసేపు వెనుక వచ్చే ప్రతి చీమ ఆ గీతను మళ్ళీ దిద్దుతుంది కనుక బారు నిలుస్తుంది. ఆహారం అయిపోతే ఎవ్వరూ దిద్దరు, దారి దానంతట అదే చెరిగిపోతుంది.

ఘాటైన మొక్కల నూనెలు పని చేసేది ఇక్కడే. అవి చీమ స్పర్శశృంగాలకు చికాకు కలిగించి వెనుకకు మళ్ళిస్తాయి, గీత వాసనను కూడా కప్పివేస్తాయి. కాని ఏ నూనె అయితే వాసన కొడుతున్నదో ఆ నూనె ఆవిరైపోతున్నదన్న మాట. అందుచేత వాటి ప్రభావం గంటలు లేదా ఒకటి రెండు రోజులు మాత్రమే ఉంటుంది.

చీమలు మొక్కలపైకి ఎక్కడానికి కారణం

పెరటి మొక్కలపై కనిపించే చీమలలో ఎక్కువభాగం ఆకులను తినడానికి వచ్చినవి కావు. మందార, బెండ, వంగ, చిక్కుడు, నిమ్మ, జామ వంటి మొక్కల లేత కొమ్మలపై పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమ వంటి రసం పీల్చే పురుగులు చేరతాయి. మొక్క రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. తమకు కావలసిన మాంసకృత్తుల కోసం ఈ పురుగులు చాలా రసం పీల్చి, మిగిలిన చక్కెర నీటిని తేనె వంటి జిగురుగా విసర్జిస్తాయి. చీమలకు కావలసినది ఆ జిగురు. ఆకులపై మిగిలిపోయిన జిగురు మీద నల్లని బూజు పెరుగుతుంది. దీనినే రైతులు మసి తెగులు అంటారు.

చీమలు ఈ పురుగులను పశువుల మందవలె కాస్తాయి. పేనుబంకను తినడానికి వచ్చే అక్షింతల పురుగులను, అల్లిక రెక్కల పురుగు పిల్లలను, గుడ్లు పెట్టడానికి వచ్చే పరాన్నజీవి కందిరీగలను తరిమివేస్తాయి. కొన్ని జాతులు పురుగులను ఒక కొమ్మ నుండి ఇంకొక కొమ్మకు మోసుకొనిపోతాయి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో మొదట కనబడి దక్షిణ భారతమంతా వ్యాపించిన బొప్పాయి పిండినల్లిని అదుపు చేయడానికి 2010లో అసెరోఫాగస్ పపాయే అనే చిన్న కందిరీగను విదేశం నుండి తెప్పించి తోటలలో వదిలారు. ఇటువంటి కందిరీగలు పని చేయాలంటే చెట్టుపై చీమల కాపలా తగ్గాలి. ఇంటివారు చీమలను చూసి చీమల మందు చల్లుతారు. అసలు నష్టం చేస్తున్న పిండినల్లి ఆకు అడుగున అలాగే ఉంటుంది.

మూలాన్ని వదిలి చీమలను మాత్రమే పట్టుకొంటే ఏమవుతుందో, మూలాన్ని పట్టుకొంటే ఏమవుతుందో తెలిపే పెద్ద ఉదాహరణ హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో ఉంది. అక్కడ బయటినుండి వచ్చిన ఎల్లో క్రేజీ చీమలు 1990ల నుండి విపరీతంగా పెరిగి కోట్లాది ఎర్రపీతలను చంపివేశాయి. విషపు ఎరలు చల్లినచోట చీమలు తగ్గి, కొంతకాలానికి మళ్ళీ పెరిగేవి. వాటికి చక్కెర సరఫరా చేస్తున్నది చెట్లపై ఉన్న ఒక రకం లక్క పొలుసు పురుగు. 2016లో ఆ పొలుసు పురుగును మాత్రమే ఆశించే చిన్న కందిరీగను మలేషియా నుండి తెచ్చి వదిలారు. ఇదే జాతి చీమలు 2022లో తమిళనాడులోని దిండిగల్ జిల్లా కరంతమలై కొండల పల్లెలలో పశువులను, మేకలను బాధించి వార్తలకెక్కాయి.

మొక్కకు నేరుగా నష్టం చేసే చీమలు కూడా కొన్ని ఉన్నాయి. గింజలు ఏరుకొనే చీమలు కొత్తగా చల్లిన తోటకూర, రాగి, కొర్ర విత్తనాలను మొలక రాకముందే మోసుకొనిపోతాయి. నేల అడుగున తిరిగే డోరిలస్ ఓరియెంటాలిస్ అనే ఎర్రచీమ వేరుశనగ కాయలకు, బంగాళాదుంపలకు రంధ్రాలు చేసి లోపలిది తింటుంది. కుండీలలో గూడు పెట్టిన చీమలు వేళ్ళ చుట్టూ మట్టిని తవ్వి గుల్ల చేయడం వలన నీరు వేళ్ళకు అందక మొక్క వాడుతుంది.

వాడుకలో ఉన్న మొక్కలు

పుదీనా: చీమల విషయంలో అన్నింటికంటె ఎక్కువ ఆధారం ఉన్న మొక్క ఇదే. పుదీనా జాతుల నూనెలో మెంథాల్, మెంథోన్, కార్వోన్ వంటి పదార్థాలు ఉంటాయి. వీటి పాళ్ళు జాతిని బట్టి మారతాయి. కూరలలో వాడే పుదీనాలో కార్వోన్, ఔషధాలలో వాడే మిరియపు పుదీనాలో మెంథాల్ ఎక్కువ. 2004లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పుదీనా నూనె కలిపిన గుళికలు ఎర్ర నిప్పుచీమలను వెనుకకు మళ్ళిస్తాయని చూపారు. ఇది నూనెతో చేసిన ప్రయోగమే గాని పుదీనా మడితో చేసినది కాదు. పుదీనా వేరుకాండంతో నేలలో పాకిపోయి పక్క మొక్కలను అణచివేస్తుంది. కనుక దానిని కుండీలో ఉంచి, కావలసినప్పుడు కొమ్మలు తుంచుకొనడం మంచిది.

నిమ్మగడ్డి: దీనిలో సిట్రాల్ అనే పదార్థం ఉంటుంది. దోమల మందులలో వాడే సిట్రొనెల్లా గడ్డి దీని దగ్గరి బంధువు. దానిలో ఉండేవి సిట్రొనెల్లాల్, జెరానియోల్. రెండింటి నూనెలకు కీటకాలను తరిమే గుణం ఉన్నది. అయితే నిమ్మగడ్డిలో నూనె ఆకు లోపలి కణాలలో దాగి ఉంటుంది. ఆకును నలిపితే గాని వాసన రాదు. గడ్డి దుబ్బు మొదట్లోనే చీమలు గూడు పెట్టుకొనడం ఆశ్చర్యం కాదు.

లవంగం, దాల్చిన చెక్క, తులసి: లవంగంలోను, తులసిలోను యూజినాల్ ఉంటుంది, లవంగంలో అది చాలా ఎక్కువ. తైవాన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగాలలో లవంగాల పొడి నిప్పుచీమలను తరమడమే కాక చంపగలిగింది. దాల్చిన చెక్క ఘాటుకు కారణం సిన్నమాల్డిహైడ్. ఈ రెండు దినుసుల పొడి కుండీ అంచులకు, కిటికీ దగ్గర పెట్టిన మొక్కలకు అనుకూలం. పెద్ద తోటకు ఖరీదు ఎక్కువ. తులసికోట చుట్టూ చీమలు కనిపించవని చెబుతారు గాని, కోటలో పెట్టిన బెల్లం ముక్క చుట్టూ చీమలు చేరని ఇల్లు తెలుగునాట ఉండదు.

పసుపు, ఇంగువ: వంటింటి గట్ల మీద, గుమ్మాల దగ్గర పసుపు గీత గీయడం, చీమల కన్నాలలో ఇంగువ ఉంచడం ఇళ్ళలో చాలాకాలంగా ఉన్న అలవాటు. పసుపులో టర్మెరోన్ అనే తైల పదార్థం కొంత పని చేస్తుంది. ఎటువంటి మెత్తని పొడి అయినా దారిలోని వాసనగీతను కప్పివేస్తుంది కనుక గీత గీసిన వెంటనే చీమలు తికమకపడి తిరగడం కనిపిస్తుంది. కొద్దిసేపటికి పక్కనుంచి కొత్త దారి వేసుకుంటాయి. బియ్యపు పిండి మాత్రం ఇందుకు పనికిరాదు. వాకిట బియ్యపు పిండితో ముగ్గు వేయడంలోని ఉద్దేశాలలో ఒకటి చీమలకు ఆహారం పెట్టడమేనని పెద్దలు చెబుతారు.

వేప: వేప గింజలలో ఉండే అజాడిరాక్టిన్ కీటకాల ఆకలిని చంపి, వాటి కుబుసం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది. 1959లో సూడాన్‌లో మిడతల దండు పడినప్పుడు అన్ని చెట్లు మోడులై వేపచెట్లు మాత్రం పచ్చగా మిగలడాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిక్ ష్ముటెరర్ గమనించాడు. 1968లో బ్రిటన్‌కు చెందిన బటర్‌వర్త్, మోర్గాన్‌లు ఈ పదార్థాన్ని వేరుచేశారు. కాని వేప చీమలను తరిమేది కాదు. వేపచెట్టు మొదలు వెంట చీమల బారు పైకి ఎక్కడం ఎక్కడ చూసినా కనిపించే దృశ్యమే. వేప ఉపయోగం వేరుగా ఉంది: వేప గింజల కషాయం పేనుబంకను, పిండినల్లి పిల్లలను తగ్గిస్తుంది, జిగురు ఆగిపోగానే చీమలు తమంతట తామే దిగిపోతాయి. ఈ కారణంగా మొక్కపైకి ఎక్కే చీమలకు, దారిని మాత్రమే అడ్డుకొనే పుదీనా కంటె వేప ఎక్కువ మేలు చేస్తుందని చెప్పవచ్చు.

వస, వావిలి, కానుగ: వస కొమ్ము పొడిని, వావిలాకును ధాన్యం గాదెలలో పురుగు పట్టకుండా వాడతారు. కానుగ పిండిని ఎరువుగా పాదులలో వేస్తారు. ఇవి చీమలపై ప్రత్యేకంగా పరీక్షింపబడినవి కాకపోయినా వాడుకలో ఉన్నాయి.

బంతి: కూరగాయల మడుల చుట్టూ బంతి నాటితే చీమలు రావనే మాట చాలాచోట్ల వినబడుతుంది. బంతి వేళ్ళ నుండి వెలువడే టెర్థయినైల్ అనే పదార్థం వేళ్ళకు బుడిపెలు పుట్టించే నులిపురుగులను అణచివేస్తుందన్నది నిజం. నేలలోని నులిపురుగుకు వర్తించే సంగతిని నేలపై నడిచే చీమకు అంటగట్టడం వలన ఈ నమ్మకం పుట్టి ఉండవచ్చు. బంతి మొక్కపై పేనుబంక చేరితే దాని వెంట చీమలు కూడా వస్తాయి.

ఐరోపాలో ఇదే పనికి టాన్సీ, పెన్నీరాయల్ అనే మొక్కలను వాడేవారు. పెన్నీరాయల్ పుదీనా జాతిదే గాని దాని నూనెలోని పల్గోన్ మనుషుల కాలేయానికి తీవ్రమైన విషం. చేమంతి కుటుంబానికి చెందిన పైరిథ్రం పూల పొడి చీమలను నిజంగా చంపుతుంది. నేటి పైరిథ్రాయిడ్ మందులు ఆ పూలలోని పైరిథ్రిన్లను అనుకరించి తయారు చేసినవే. ఎండలో త్వరగా చెడిపోవడం ఆ పూల పొడి లోపం, దాని సుగుణం కూడా.

నాటిన మొక్క, నలిపిన ఆకు

పుదీనా ఆకు ఉపరితలంపై కంటికి కనిపించని నూనె గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్క గ్రంథిలో నూనె ఒక పలుచని పొర కింద నిల్వ ఉంటుంది. చేయి తగిలినా, పురుగు కొరికినా ఆ పొర చిట్లి వాసన వస్తుంది. మొక్క దృష్టితో చూస్తే ఇది తనను తినవచ్చిన ప్రాణిని ఆపడానికి ఏర్పడిన ఏర్పాటు. ఆకును కొరకకుండా కింద నేల మీద నడిచిపోయే చీమ ఆ గ్రంథిని పగలగొట్టదు. అందుకే పుదీనా మడి మధ్యనుంచే చీమల బారు సాగిపోవడం చూస్తాము. అదే ఆకును నలిపి బారుకు అడ్డంగా వేస్తే చీమలు ఆగి, వెనుదిరిగి, చుట్టూ తిరుగుతాయి.

సజీవంగా నిలబడి ఉండి చీమలను అడ్డుకొనే మొక్కలు లేకపోలేదు. అవి అమెరికా ఖండపు ఉష్ణమండలంలో, ఆకులను నిజంగా కోసుకొనిపోయే అట్టా చీమల నడుమ పెరిగినవి. ఈ చీమలు కోసిన ఆకు ముక్కలను తినవు; గూటిలో ఆ ముక్కలపై ఒక శిలీంధ్రాన్ని పెంచి దానిని తింటాయి. హైమీనియా అనే చెట్టు ఆకులను ఇవి ముట్టవు. ఆ ఆకులలోని కారియోఫిల్లీన్ ఎపాక్సైడ్ అనే పదార్థం చీమల శిలీంధ్రాన్ని చంపుతుందని 1983లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. బ్రెజిల్‌లో ఇందుకోసం నువ్వుల మొక్కపై కూడా పరిశోధనలు జరిగాయి. నువ్వుల ఆకులను చీమలు ఇష్టంగానే కోసుకొనిపోతాయి. ఆ ఆకులు పడిన గూటిలో శిలీంధ్రపు తోట క్రమంగా కుంచించుకొనిపోతుంది. అట్టా చీమలు భారతదేశంలో లేవు. కనుక ఇంట్లో నువ్వులు నాటితే ఇక్కడి చీమలు పోతాయని అనుకొనరాదు.

దీనికి పూర్తి విరుద్ధంగా చీమలను పిలిచే మొక్కలు కూడా ఉన్నాయి. ఆముదం, పత్తి, బొబ్బర్లు, జీడిమామిడి మొదలైన వాటికి పువ్వులలోనే కాక ఆకుల తొడిమల వద్ద లేదా ఇతర భాగాలలో కూడా తేనె గ్రంథులు ఉంటాయి. ఆ తేనె కోసం వచ్చిన చీమలు ఆకుపురుగులను, వాటి గుడ్లను ఏరివేస్తాయి. మధ్య అమెరికాలోని ఒక జాతి తుమ్మచెట్టు తన బోలు ముళ్ళలో చీమలకు ఇల్లు కూడా ఇస్తుంది. చీమలను తొలగించిన చెట్లు పురుగులకు బలైపోవడాన్ని డేనియల్ జాన్జెన్ 1966లో వివరించాడు. బొబ్బరి పాదు మీద పేనుబంక లేకుండా చీమలు కనిపిస్తే వాటిని తరమనవసరం లేదు.

తోటలో వాడే విధానం

ముందుగా చీమల బారు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నదో చూడాలి. బారు చివర పేనుబంకగాని, పిండినల్లిగాని ఉంటే ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో గట్టిగా కడగాలి. బాగా పట్టిన కొమ్మలను కత్తిరించి తీసివేయాలి. తరువాత 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయాలి. ఇంటి అవసరానికి 50 గ్రాముల వేపగింజల పప్పును పొడి చేసి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, మరునాడు పిండి వడకట్టి, కొద్దిగా సబ్బు కలపాలి. కషాయాన్ని ఏరోజుకు ఆరోజు వాడుకోవాలి. అజాడిరాక్టిన్ ఎండకు చెడిపోతుంది కాబట్టి సాయంకాలం చల్లడం మంచిది. వారం పది రోజులకు మళ్ళీ చల్లవలసి ఉంటుంది.

ఆ పైన దారిని చెరపాలి. కుండీ అంచులను, గట్టును, మొక్కకు ఊతమిచ్చిన కర్రను సబ్బునీటితో తుడిస్తే పాత వాసనగీత పోతుంది. అప్పుడు నలిపిన పుదీనా లేదా నిమ్మగడ్డి ఆకులను బారు వచ్చే చోట గుత్తంగా వేయాలి. తుడవకుండా ఆకులు వేస్తే ఆ వాసన తగ్గిన వెంటనే పాత దారి మళ్ళీ తెరుచుకొంటుంది. ఆకులను రోజు విడిచి రోజు మార్చాలి, వాన పడితే వెంటనే మార్చాలి. పుదీనా నూనె దొరికితే లీటరు నీటికి పది, పదిహేను చుక్కలు కొద్ది సబ్బుతో కలిపి నేల మీద, కుండీ బయటి వైపున చల్లవచ్చు.

కుండీలకు అన్నింటికంటె నమ్మకమైన అడ్డు నీరు. పాలగిన్నెను నీళ్ళ పళ్ళెంలో ఉంచే పాత ఉపాయమే ఇక్కడ కూడా పనికివస్తుంది. కుండీని రాతిముక్కపై నిలిపి, ఆ రాతిని నీళ్ళున్న పళ్ళెంలో ఉంచాలి. దోమలు పెరగకుండా నీటిని వారానికి రెండుసార్లు మార్చాలి. కుండీలో అప్పటికే గూడు ఉంటే, కుండీని అరగంట సేపు నీటి తొట్టిలో ముంచి ఉంచితే చీమలు గుడ్లతో సహా బయటికి వస్తాయి. చెట్లకైతే మొదలు చుట్టూ పాలిథీన్ పట్టీ కట్టి దానిపై గ్రీజు పూస్తారు. మామిడి తోటలలో నేల నుండి పైకి పాకే పిండినల్లి పిల్లలను ఆపడానికి కూడా ఇదే పద్ధతి వాడతారు. పట్టీ కట్టిన తరువాత గోడకు, పక్క చెట్టుకు తగిలే కొమ్మలను కత్తిరించకపోతే చీమలకు అవి వంతెనలవుతాయి. ఒక్క కొమ్మ తగిలినా పట్టీ వృథా.

చల్లిన విత్తనాలను చీమలు ఎత్తుకొనిపోతుంటే, విత్తనాన్ని సన్నని ఇసుకతో కలిపి చల్లి పైన పలుచగా మట్టి కప్పడం, మడి చుట్టూ పసుపు కలిపిన బూడిద వేయడం చేస్తారు. నాలుగైదు రోజులలో మొలక వస్తుంది కనుక అంతవరకు కాపాడితే చాలు. పొడులు తాత్కాలికంగానే పని చేస్తాయన్నది ఇక్కడ లోపం కాదు.

జాగ్రత్తలు

మొక్కల నుండి వచ్చినదంతా నిరపాయకరం కాదు. సీతాఫలం గింజల పొడిని చీమలకు, పేలకు వాడే అలవాటు పల్లెలలో ఉన్నది. ఆ పొడి కంటిలో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతిని తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం కలుగుతాయి. పిల్లలున్న ఇంట దీనిని వాడరాదు. నీరు కలపని పుదీనా, లవంగ నూనెలు లేత ఆకులను మాడ్చివేస్తాయి, చర్మాన్ని మండిస్తాయి. పిల్లులకు ఇవి విషం కాగలవు. వేప కషాయాన్ని పూత మీద, తేనెటీగలు తిరిగే వేళ చల్లరాదు. మరిగే నీటిని పుట్టలో పోయడం కూడా సహజ పద్ధతిగానే చెలామణి అవుతున్నది గాని, దానివలన దగ్గరలో ఉన్న మొక్క వేళ్ళు, వానపాములు కూడా చస్తాయి.

చీమలను ఉంచవలసిన చోటు

చీమలు నేలను తవ్వి గాలి, నీరు లోపలికి పోయేటట్లు చేస్తాయి, చచ్చిన పురుగులను ఎత్తివేస్తాయి, చెదలను వేటాడుతాయి. ఆముదం గింజ కొనపై ఉండే కండగల బుడిపె చీమలకు ఆహారం. చీమలు గింజను గూటికి మోసి, బుడిపెను తిని, గింజను పారవేయడం వలన ఆముదం కొత్త చోట్ల మొలుస్తుంది. చెట్టు ఎర్రచీమలను తోట కాపలాకు వాడడం చాలా పాతది. వాటి గూళ్ళను సంచులలో అమ్మేవారని, నారింజ చెట్లకు తగిలించేవారని క్రీ.శ. 304 నాటిదిగా చెప్పబడే చైనా గ్రంథం తెలుపుతుంది. ఒడిషాలోని మయూర్‌భంజ్ జిల్లాలో ఈ చీమలతో చేసే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. జీడిమామిడి, మామిడి చెట్లపై ఈ చీమలు కాయలు కోసేవారిని కుట్టినా, రసం పీల్చే టీ దోమను, ఆకు తినే పురుగులను తగ్గిస్తాయి. అవి పిండినల్లిని, పొలుసు పురుగులను కూడా పోషిస్తాయి కాబట్టి చెట్టుపై ఏ పురుగు ఎక్కువగా ఉన్నదో చూసి, గూళ్ళను ఉంచడమో తీయడమో నిర్ణయించుకొంటారు.